బాతుల పిల్లకు మేనమామ

1954 ఫిబ్రవరి 9. ఆత్మకూరు.

నెల్లూరు బస్సు మీద కొత్త డబ్బాలు దిగాయి. బొమ్మల సినిమా అట. మనుషులే లేరు, అంతా గీసిన బొమ్మలు. అవే నడుస్తాయి, అవే పాడతాయి. మాటలన్నీ ఇంగ్లీషు. "ఎట్టాగూ నువ్వు మైకు పట్టుకుని చెప్తావు గదా పెంచలయ్యా, భాష ఏదయితే ఏంది?" అన్నాడు ఓనరు. ఈయన దగ్గర పనంటే ఇదే. గేటు దగ్గర టిక్కెట్లు చింపేదీ నేనే, బండెక్కి ఊరంతా అరిచేదీ నేనే, పరాయి భాష సినిమా వస్తే తెర పక్కన స్టూలు మీద కూచుని కథ చెప్పేదీ నేనే.

మధ్యాహ్నం మా టూరింగు టాకీసు డేరా గుడ్డలు దించి ఆపరేటరు మస్తానూ నేనూ వేసుకుని చూశాం. నాకొచ్చిన ఇంగ్లీషుకు సగం అర్థమైంది. బాతులు కాసుకునే పిల్ల. గాలివానకు బాతులు చెదిరిపోతాయి. వెతుక్కుంటూ అడవిలోకి పోతుంది. తెల్ల గుర్రం మీద రాజు వస్తాడు, బాతుల్ని వెతికి పెడతాడు, ఆఖర్న పిల్లను గుర్రం మీద కూచోబెట్టుకుని పోతాడు. అంతే కథ.

పిల్ల ముఖం చూస్తే పన్నెండేళ్ళు కూడా నిండినట్టు లేవు. బూరెల్లాంటి చెంపలు. రాజుకేమో మీసాలు, ఇంత వెడల్పు భుజాలు. "వాడికి నీ వయసుంటాది పెంచలన్నా" అన్నాడు మస్తాన్. నిజమే, ముప్పై ఆరుకు తక్కువ లేడు. గీసేవాడికి ఇంకాస్త చిన్నవాణ్ణి గీయడానికి ఏం రోగం? బొమ్మే కదా. సిరా ఎక్కువ ఖర్చవుతుందా?

ఫిబ్రవరి 11.

నిన్న మొదటి ఆట. తలుచుకుంటే నవ్వూ వస్తోంది, ఒళ్ళూ మండుతోంది.

సగం దాకా బాగానే సాగింది. బాతులు నడిచినప్పుడల్లా పిల్లల కేకలు. గుర్రం వచ్చింది, గొడవ మొదలైంది. తడిక అవతల ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో అవ్వ... "ఎవురబ్బయ్యా వాడు?" రాజు అన్నాను. "రాజయితే? ఆ పిల్లకేమవుతాడు?" ఏమీ కాడు, దోవన పోతున్నాడు అన్నాను. ఇంక చూడాలి. "దోవన పోయేవోడు పిల్లని గుర్రం ఎక్కించుకుంటాడా?" "పెద్దోళ్ళు ఎవురూ లేరా దానికి?" "వాడికెన్నేళ్ళు, దానికెన్నేళ్ళు?" మగవాళ్ళ వైపు ఈలలు. ఎవడో గుప్పెడు ఇసుక తీసి తెర మీద కొట్టాడు. ఓనరు గేటు దగ్గర నిలబడి చేతులూపుతున్నాడు, ఏదో ఒకటి చెయ్యమని.

నోటికొచ్చింది అనేశాను. "అమ్మలారా, అయ్యలారా! ఆయన పరాయివాడు కాదు. ఆ పిల్లకు సొంత మేనమామ!"

అల్లరి ఠక్కున ఆగింది. "ఆఁ, అట్ట జెప్పు!" అంది అవ్వ. "ముందే జెప్పొచ్చు గదా అబ్బయ్యా, అనవసరంగా తిట్టిస్తివే." ఇంక నాకు ఊపొచ్చింది. తల్లి పోయిన పిల్ల అన్నాను. మేనమామ కోసమే పుట్టిన పిల్ల అన్నాను. మేనమామ ఉండగా పరాయివాడికి ఎలా ఇస్తారు, ఆయనకు కాక ఇంకెవరికుంది హక్కు అని గొంతు పెంచి అడిగాను. చప్పట్లే చప్పట్లు. వయసు సంగతి మళ్ళీ ఒక్కరు అడిగితే ఒట్టు. మేనమామ అయితే చాలు, ఏళ్ళు ఎవరూ చూడరు.

ఓనరు సోడా ఇప్పించాడు.

ఫిబ్రవరి 12.

ఆడవాళ్ళ వైపు నిండిపోయి తడిక జరపాల్సి వచ్చింది. ఏయస్ పేట దర్గాకు వచ్చినవాళ్ళు కూడా ఇటే దిగారు. గొంతు బొంగురు పోయింది.

ఫిబ్రవరి 14. ఆదివారం.

అమ్మా, అక్క కూతురు కామాక్షీ ఆటకు వచ్చారు. ఇంటికొచ్చేదాకా కామాక్షి ఒకటే సణుగుడు.

"మామా, ఆయన మేనమామ గాదు గదా."

ఊరుకోవే, జనం గొడవ చేస్తుంటే ఏదో ఒకటి చెప్పాలిగా అన్నాను.

"నేను విన్నా. ఆ పిల్ల ఆయన్ని సార్ అనింది. మేనమామని ఎవురన్నా సార్ అంటారా?" బళ్ళో నేర్చుకున్న ఇంగ్లీషంతా నా మీదే. "ఆ పిల్లకి కావాల్సింది బాతులు. దొరికినాయి. ఇంక గుర్రం ఎందుకు మామా? ఆయనేమో వాళ్ళ నాయన మాదిరి ఉండాడు."

పడీ పడీ నవ్వాను. పదిహేనేళ్ళు నిండాయి, ఆ నోరు మాత్రం అక్క ఇక్కడ దించి పోయిన రోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. దుత్తలూరులో చదువు సాగదని ఏడేళ్ళ పిల్లను తెచ్చి మా ఇంట్లో వదిలింది అక్క. అమ్మకూ నాకూ అప్పటి నుంచి ఇంట్లో మాట వినిపిస్తోంది.

అమ్మ మాత్రం నవ్వలేదు. గుమ్మంలో నిలబెట్టి నాకు మెటికలు విరిచింది. "అంతమంది ముందర ఎంత బాగా జెప్పినావురా పెంచలా!" కళ్ళలో నీళ్ళు. సినిమా కథకు కన్నీళ్ళెందుకో నాకు అర్థం కాలేదు.

ఫిబ్రవరి 17.

డబ్బాలు నెల్లూరు పోయాయి. పీడ వదిలింది.

ఫిబ్రవరి 28.

అక్కా బావా వచ్చారు. పళ్ళెంలో టెంకాయ, అరటిపళ్ళు, ఆకూ వక్కా. ఏం పండగ అని అడిగాను — వెధవని.

"నువ్వు నోరు తెరిచి అడగతావేమోనని ఇన్నాళ్ళూ చూస్తా ఉండాం బామ్మర్దీ. నువ్వు ఏకంగా మైకులోనే అడిగేస్తివే!" అని బావ ఒకటే నవ్వు.

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ... "దుత్తలూరు సంతలో గూడా చెప్పుకుంటుండారురా. మేనమామ ఉండంగా పరాయోడికెట్ట ఇస్తారని అడిగినావంట గదా. మాకు జెప్పేదానికి సిగ్గయి ఊరికి జెప్పినాడని మీ బావకి సంతోషం పట్టలా."

అది సినిమా అన్నాను. బొమ్మల సినిమా, జనం ఇసుక కొడుతుంటే అన్నాను. అరిచాను కూడా.

"ఇంగ్లీషోళ్ళకి మేనరికం ఉంటాదా అబ్బయ్యా?" అన్నాడు బావ. "వాళ్ళ కథలో అది లేదు. నీ మనసులో ఉండాది, నోట్లోంచి వచ్చినాది." మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

కామాక్షి నీళ్ళ చెంబుతో గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది. చెంబు కింద పెట్టి లోపలికి పోయింది.

మార్చి 1.

రాత్రంతా పాత సంబంధాలు లెక్కపెట్టుకున్నాను.

కలిగిరి సంబంధం వచ్చినప్పుడు పిల్ల నలుపంది అమ్మ. వింజమూరు సంబంధానికి వాళ్ళ మాట తీరు బాగాలేదంది. ఇంకొకరికి ఇంకేదో. ఈవిడకు లోకంలో ఎవరూ నచ్చరు అని నేను మస్తాన్ దగ్గర నవ్వేవాణ్ణి. నచ్చకపోవడం కాదు. పిల్ల పెద్దదయ్యేదాకా నన్ను కాపలా కాసింది.

కామాక్షిని ఉయ్యాల్లో వేసిన రోజు, నీ పెళ్ళాం పుట్టిందిరా అన్నారు అందరూ. ఏ మేనమామతో అనని మాట అది? నేనూ నవ్వాను. తరవాత ఆ పిల్ల చీమిడి తుడిచింది నేను. పలక మీద చెయ్యి పట్టుకుని అ ఆలు దిద్దించింది నేను. జ్వరమొస్తే భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి నడిచింది నేను. ఆ పిల్లను... ఛీ.

మార్చి 3.

అమ్మతో చెప్పాను. అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది.

నాకొద్దమ్మా. "ఏంది వద్దు?" కామాక్షి వద్దు.

చేట ఆగలేదు. "నువ్వే వద్దంటే అది ఇంకెవురికి కావాలిరా? పెంచిన మేనమామే వద్దన్నాడంటే పిల్లలో ఏందో ఉండాదంటారు. ఇన్నేళ్ళు నీ ఇంట్లో ఉండింది. ఉన్నాక వద్దన్నావంటే ఇంకా ఏమేమంటారో... నా నోటితో అనిపించబాక."

నాకు ముప్పై ఆరమ్మా అన్నాను. తల నెరుస్తోందమ్మా అన్నాను.

"మీ నాయనకీ నాకూ పద్దెనిమిదేళ్ళ తేడా. నేను బతకలా?"

బతికింది. నేను బడికి పోయే రోజుల్లోనే ఆయన పోతే, అప్పటి నుంచి ఆ గోడకు ఆనుకుని బతుకుతోంది. ఆ మాట అనలేదు. అనాల్సింది.

మార్చి 8.

కామాక్షి నన్ను మామా అని పిలవడం మానేసింది. ఇంక అట్ట పిలవగూడదని అమ్మ చెప్పిందట. ఏమని పిలవాలో చెప్పలేదు కాబట్టి అసలు పిలవడమే లేదు. కంచం పెట్టి తలుపు చాటుకు పోతుంది. మొన్నటిదాకా నా సైకిలు వెనక కూచుని, తొక్కు మామా తొక్కు, బడి గంట కొట్టేస్తారు అని వీపు మీద గుద్దిన పిల్ల. ఇవాళ నేను ఇంట్లోకి వస్తే లేచి నిలబడింది. పైట భుజాల చుట్టూ కప్పుకుని, తల వంచుకుని.

లేచి నిలబడింది! నా ప్రాణం చచ్చిపోయింది. పెళ్ళి కాకముందే పిల్లను పోగొట్టుకున్నాను.

మార్చి 10.

మస్తాన్‌తో అన్నీ చెప్పాను. రీలు చుడుతూ విన్నాడు. చుట్టిన రీలు డబ్బాలో పెట్టి అన్నాడు. "మాలో బాబాయి కూతుర్ని చేసుకుంటాం, మేనత్త కూతుర్ని చేసుకుంటాం. మేనమామని మాత్రం చేసుకోరు పెంచలన్నా. మాలో మేనమామంటే నాయన లెక్క."

మనలో కూడా నాయన లెక్కే అన్నాను. ఉయ్యాల్లో వేసినప్పటి నుంచి పెళ్ళి పీటల దాకా.

శుక్రవారం దర్గాలో నా కోసం దువా చేస్తానన్నాడు. ఏమని చేస్తావురా అంటే వాడికీ తెలియలేదు.

మార్చి 15.

కామాక్షి బళ్ళో టీచరమ్మ డేరా గేటు దగ్గరకే వచ్చింది. గొడుగు మడిచి పట్టుకుని. "కామాక్షి తప్పకుండా పాసవుతుంది. నెల్లూరు ట్రైనింగు స్కూల్లో చేర్పిస్తే రెండేళ్ళలో టీచరవుతుంది. హాస్టలుంది. మీ అక్కాబావలు మీరు చెప్తే వింటారట కదా, మేనమామగా మీరు..."

సోడా కొట్టువాడు పక్కనే ఉన్నాడు. వాడి నోరు ఊరుకుంటుందా? "ఆయన జెప్పేదేంది టీచరమ్మా? పెళ్ళికొడుకే ఆయన."

ఆవిడ నా ముఖం చూసింది. చెంపల దగ్గర నెరిసిన వెంట్రుకలు చూసింది. "ఓహో" అంది. అంతే. గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది. నా తల తీసేసినట్టయింది. పిలిచి చెప్పాలనుకున్నాను, అలా కాదండీ, నేను వద్దంటున్నానండీ అని. సోడా కొట్టు చుట్టూ పది మంది ఉన్నారు. నేను వద్దంటున్నానని వాళ్ళ ముందు అంటే పిల్ల సంగతేమిటి? టిక్కెట్ల కట్ట తీసి లెక్కపెట్టుకున్నాను.

మార్చి 24.

పరీక్షలు. బాగా రాశావా అని అడిగాను. తల ఊపింది. ఇవాళ్టికి మా మాటలు అవే.

ఏప్రిల్ 5. ఉదయగిరి.

మకాం మారింది. దుర్గం కింద డేరా వేశాం. కొండ పగలంతా కాగి, సాయంత్రం ఆ సెగంతా మన మీద వదులుతోంది. అయినా ఇంటికంటే నయం. ఇక్కడ నన్ను చూసి ఎవరూ లేచి నిలబడరు.

ఏప్రిల్ 14.

మళ్ళీ అవే డబ్బాలు! బాతులు, గుర్రం. "ఆత్మకూరులో అంత బాగా ఆడింది గదా, ఈడ మాత్రం ఎందుకు ఆడదు?" అన్నాడు ఓనరు. "మేనమామని మర్చిపోబాక."

ఏప్రిల్ 16.

నిన్న ఒక నిర్ణయానికొచ్చి స్టూలెక్కాను. గుర్రం కనబడగానే, ఎవరూ అడగకముందే మైకులో చెప్పాను — పిల్లకు పదహారు, రాజుకు పంతొమ్మిది, పరాయివాడే గానీ మంచివాడు, పెద్దవాళ్ళతో మాట్లాడి చేసుకుంటాడు.

"పందొమ్మిదేళ్ళోడికి ఆ మీసాలేందిరా!" ఒకటే నవ్వులు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఇంతలో మగవాళ్ళలో ఒకడు లేచాడు. "ఆత్మకూరులో మేనమామంటివే! ఈడికొచ్చేసరికి పరాయోడయినాడా?" అల్లరి. తడిక అవతల నుంచి ఒక ముసలి గొంతు... "పిల్లకి మేనమామ లేడా అయితే?"

లేడు అని ఉంటే సరిపోయేది. చచ్చిపోయాడన్నా సరిపోయేది. నా నోరు నా మాట ఎప్పుడు విన్నది?

"ఉన్నాడవ్వా. ఆయన వద్దన్నాడు."

బయట ఆయిలింజను చప్పుడొక్కటే.

"వద్దన్నాడా?" అంది ఆ గొంతు. "అయ్యో! పిల్లలో ఏం లోపముండాదో, పాపం."

"లోపం లేకపోతే సొంత మేనమామ వొదులుకుంటాడా?"

"అందుకే దోవన పోయేవోడితో పోతా ఉండాది."

తెర మీద ఆ పిల్ల బాతును ఎత్తుకుని నవ్వుతోంది. గీసిన పిల్ల. తల్లి లేదు, ఊరు లేదు, ఒంట్లో ప్రాణం లేదు. దానికే ఇంత మాట వచ్చింది. అమ్మ చేట చెరుగుతూ అన్నది అక్షరం పొల్లు పోలేదు.

మైకు ఆపేసి కూచున్నాను. మిగతా కథ వాళ్ళే చెప్పుకున్నారు.

ఏప్రిల్ 17.

ఓనరు తిట్టాడు. ఇవాళ మేనమామే అని చెప్పాను. చప్పట్లు.

ఏప్రిల్ 29.

పొద్దున బస్సుకు దుత్తలూరు పోయి వచ్చాను. అక్కను, బావను కూచోబెట్టి చెప్పాను. నేను చేసుకోను. పిల్లను చదివించండి, ఖర్చు నాది. ఈడుకు తగ్గ కుర్రాణ్ణి నేనే వెతుకుతాను.

బావ అరుస్తాడనుకున్నాను. అరవలేదు. గొర్రెలకు ఆకు వేసి వచ్చి కూచున్నాడు. "సరే. నువ్వొద్దంటే ఇంక పిల్ల నీ ఇంట్లో ఉండేదానికి లేదు, మాటొస్తుంది. పెళ్ళి గాని పిల్లని నెల్లూరులో ఎవురు చూస్తారు? ఉదయగిరిలో గొర్రెల బేరం చేసే ఆయన ఉండాడు, మాకు తెలిసినోడే. పెళ్ళాం పోయింది, ఇద్దరు మొగపిల్లలు. నువ్వొద్దన్న పిల్లని అడిగేదానికి కుర్రోళ్ళు రారు. ఆయనొస్తాడు."

ఆయనకెన్నేళ్ళు అన్నాను.

"నీకంటే నాలుగైదు ఎక్కువుంటాయిలే. ఇప్పుడు నువ్వు ఏళ్ళు అడగతావా?"

అక్క నా చెయ్యి వదలలేదు. "నువ్వు చేసుకుంటే నా బిడ్డ మా అమ్మ దగ్గరే ఉంటాది గదరా. కొట్టవు. తాగవు. దాని నోటికి నువ్వు తప్ప ఎవురురా ఓర్చుకునేది? నేను నిన్ను అడిగేది అదొక్కటే." అది దొంగ ఏడుపు కాదు. అక్క లెక్క అక్కకు సరిగ్గానే ఉంది.

మే 2.

నేను మంచివాణ్ణి అనిపించుకోవడానికి పిల్లను ఇద్దరు పిల్లల తండ్రి దగ్గరికి తోశానా? పొద్దున్నుంచి ఇదే. బండెక్కి సినిమా పేరు అరుస్తూ కూడా ఇదే.

మే 6.

గొర్రెల ఆయన డేరాకు వచ్చాడు. నన్ను చూడటానికే వచ్చాడు. బెంచీ టిక్కెట్టు. తెల్ల తువ్వాలు, పక్కన ఇద్దరు పిల్లలు. పెద్దవాడు కామాక్షికి చెవి దాకా వస్తాడు.

ఆట విడిచే ముందు గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "మీ ఇంట్లోనే పెరిగిందంట గదా పిల్ల. వంటొచ్చా?" వచ్చన్నాను. "పిలకాయల్ని చూసుకుంటాదా?" తనే పిల్ల అన్నాను. వినిపించుకోలేదు. కాసేపు తటపటాయించి, గొంతు తగ్గించి అన్నాడు. "ఏమనుకోబాక స్వామీ. నువ్వెందుకు వద్దనుకున్నావు? ఏమన్నా ఉంటే ముందే జెప్పు. తరవాత పిల్లని అని లాభం లేదు."

ఏమీ లేదు అన్నాను. బంగారం అన్నాను. నేను పెద్దవాణ్ణి, అందుకని.

నన్ను పైనుంచి కిందికి చూసి నవ్వాడు. "నాకంటే చిన్నోడివి గదయ్యా."

చెడ్డవాడైతే బాగుండేది. చిన్నవాడికి నిద్రొస్తుంటే ఎత్తుకుని పోయాడు.

మే 9.

అమ్మ కబురు పంపింది. గురువారం అక్కావాళ్ళు వస్తారట. ఆఖరి మాట కావాలట. నేను కాదంటే ఆ సాయంత్రమే గొర్రెల ఆయనకు తాంబూలాలు ఇస్తారట.

మే 11. ఆత్మకూరు.

బస్సులో దోవ పొడుగునా ఆలోచించాను. ఒక దారి తోచింది. తాళి నేనే కడతాను. ఊరి నోరు మూతపడుతుంది. పెళ్ళయిన పిల్లను నెల్లూరు పంపితే ఎవరూ ఏమీ అనలేరు, మొగుడి ఇష్టం అంటారు. ట్రైనింగు స్కూల్లో చేర్పిస్తాను. టీచరవుతుంది. నేను ఎప్పటిలాగే ఉంటాను, మేనమామలాగే. పేరుకు పెళ్ళి, అంతే.

ఊరు చేరేసరికి ఆ మాట మీద నాకే అసహ్యమేసింది. వయసు మీరిన పెళ్ళికొడుకులంతా తమ గురించి ఇలాగే చెప్పుకుంటారేమో, నేను వేరు, నేను బాగా చూసుకుంటాను అని. మా నాయన కూడా అనుకుని ఉంటాడు. అయినా ఇంకో దారి లేదు.

కామాక్షి పాసైందట. అమ్మ చెప్పింది, కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు.

మే 12.

పొద్దున అమ్మ నీళ్ళకు పోయింది. కామాక్షి పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఇంతకంటే సమయం దొరకదని పోయి నిలబడ్డాను. చెప్పాను. తాళి సంగతి, నెల్లూరు సంగతి, పేరుకే అన్న సంగతి. మాట తడబడింది, చెప్పిందే రెండు సార్లు చెప్పాను. మైకు లేకపోతే నేనింతే.

విన్నది. నా పంచె దులిపి దండెం మీద వేసింది. "నేను ఆయన్నే చేసుకుంటా."

ఎవరిని?

"గొర్రెల ఆయన్ని."

ఆయనకు నాకంటే వయసెక్కువే! ఇద్దరు పిల్లలే! ఇంక చదువు మాట ఉండదే!

"తెలుసు."

మరి ఎందుకే?

ఇన్ని వారాల తరవాత మొదటిసారి ముఖం తిప్పి నా కళ్ళలోకి చూసింది. ఏడవడం లేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. "నిన్ను చేసుకుంటే నువ్వెంత మంచోడివైనా నాకు మొగుడివవుతావు. ఇంక నాకు మామ ఉండడు. ఏదన్నా అయితే ఎవురికి జెప్పుకోవాలి? నీ మీద నీకే జెప్పుకోవాల్నా? ఆయన్ని చేసుకుంటే, కొట్టినా తిట్టినా వచ్చేదానికి నాకు మేనమామ ఇల్లు ఉంటాది." తడి చేతులు పావడాకు తుడుచుకుంది. "ఉంటాదా, ఉండదా? అది జెప్పు."

ఉంటుంది అన్నాను. ఇంకేం అనగలను?

"అయితే రేపు వాళ్ళతో వద్దనే జెప్పు."

బకెట్టు తీసుకుని లోపలికి పోయింది. నేను దండెం పట్టుకుని నిలబడ్డాను. ఆ ఇల్లుంటుందని నేను మాటిచ్చాను. ఆ ఇంటికి రావాల్సిన రోజు వస్తుందని పదిహేనేళ్ళ పిల్లకు ముందే తెలుసు.

మే 13.

అమ్మ చాప పరిచింది. నన్ను తలంటుకోమంటోంది. పొద్దున్నుంచి ఎవరి మాట నిలబెట్టాలో తేలడం లేదు. సరే అంటే అక్క బతుకుతుంది, అమ్మ బతుకుతుంది, పిల్లకు దిక్కనేది ఉండదు. వద్దంటే ఆ దిక్కు నేనే, దాని కోసం పిల్లను నా చేత్తో ఆ ఇంటికి సాగనంపాలి. అది కోరిందని సాగనంపితే నేను మనిషినేనా? దాని మాట కాదని ఆపితే ఇంక ఎన్నడూ నా ముఖం చూస్తుందా?

వంటింట్లో గిన్నెల చప్పుడు. కామాక్షి ఒక్కసారి బయటికొచ్చి చూసి పోయింది, నేను ఉన్నానో లేనో అని.

బస్సు హారను. బావ దగ్గు. వీధిలోంచే అక్క గొంతు — "అమ్మా, పెంచలయ్య ఇంట్లోనే ఉండాడా?"

"ఉండాడు, రా" అంటోంది అమ్మ.